గంట నాలుకకు కట్టిన గుడ్డ

పాత ఇంట్లో అడుగు పెట్టగానే అందరూ తలెత్తి పైకప్పు చూస్తారు. నేను తల వంచి నేల చూస్తాను. ఇంత నేలను రోజూ తుడిచిందెవరు, ఆ ఇత్తడి పిడులను మెరిసేదాకా తోమిందెవరు అన్నదే నా మొదటి ప్రశ్న. కట్టించినవాళ్ల పటాలు గోడల మీద ఎలాగూ ఉంటాయి. నా ఈ పద్ధతంటే మా చెల్లెలికి ఒళ్లుమంట.

"సెలవులకొచ్చినా ఆ కార్మిక సంఘాన్ని వెంటేసుకునే వస్తావా అక్కా? ఈ వారం ఎవర్నీ ఉద్ధరించకు, నీకు పుణ్యముంటుంది," అని కారు దిగకముందే నా దగ్గర మాట తీసుకుంది. ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నిలబెట్టుకునే ఉద్దేశమే ఉంది.

ఊరికి దూరంగా, పళ్లతోటల మధ్య ఉంది ఆ మేడ. తరాలుగా ఒకే కుటుంబానిది. ఎత్తయిన కిటికీలు, పొడవాటి వరండా, హాల్లోంచి వంపు తిరుగుతూ పైకి వెళ్లే వెడల్పాటి చెక్కమెట్లు. అమ్మేద్దామని పెద్దలంతా అనుకున్నాక, మనవరాలొకామె అడ్డుపడి, ఉద్యోగం మానుకుని వచ్చి, గదులను సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. పనివాళ్లు ఆమెను చిన్నమ్మగారు అంటారు. ముప్ఫై దాటిన మనిషి. మాట మంచిది, ఇంటి మీద ప్రాణం. ఆమెను దుర్మార్గురాలిగా చూపిస్తే ఈ కథ నాకు సులువయ్యేది. కానీ ఆమె అలాంటిది కాదు.

మా గది చూపిస్తూ, మంచం పక్కన వేలాడుతున్న అల్లిక తాడు పట్టుకుంది. "ఈ తాడు లాగితే గోడలోపలి తీగ కదిలి, కింద వంటింట్లో ఈ గది గంట మోగుతుంది. ఎన్నో ఏళ్లు మూగబోయి ఉన్న గంటలు. కిందటేడు నేనే బాగు చేయించాను. టీ కావాలన్నా, దుప్పటి కావాలన్నా లాగండి. అచ్చం పాత రోజుల్లోలాగే ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చేస్తారు."

ఆమె మాట పూర్తయ్యేలోపే మా చెల్లెలి చిన్నకూతురు తాడు పట్టుకుని వేలాడింది. ఎక్కడో కింద సన్నగా మోత. చిన్నమ్మగారు నవ్వి వెళ్లిపోయారు. కాసేపటికి గది మూలనున్న చిన్న తలుపు తెరుచుకుంది. అది వెనకమెట్ల తలుపు. అక్కడ నిలబడి ఉంది ఆ 'ఎవరో ఒకరు'. అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు ముడి, నడుముకు తెల్లటి పనిగుడ్డ, ఒక చేతిలో ఖాళీ ట్రే. రెండో చెయ్యి మోకాలి మీద ఉంది.

"చెప్పండమ్మా."

"ఏం లేదండీ, పాప ఆడుకుంటూ లాగేసింది," మా చెల్లెలు సిగ్గుపడింది.

"ఆడుకోనివ్వండి. ఉన్నది అందుకేగా," అని ఆమె వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను. ఒక కాలు కిందకు వేసి, రెండో కాలు అదే మెట్టు మీదకు చేర్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి కాలు. మా చెల్లెలు నా మొహం చూసి, "అక్కా, మాటిచ్చావు," అంది.

"మంచినీళ్లు తెచ్చుకుంటాను. నీళ్లు తాగనని మాటివ్వలేదుగా," అని నేనూ ఆ వెనకమెట్లే దిగాను. ఇరుకు, నిట్టనిలువు, పట్టుకోడానికి కమ్మీ లేదు. మధ్యలో ఒక దూలం నుదురుకు తగిలేంత కిందకుంది. ముందువైపు అంత వెడల్పాటి మెట్లుండగా ఇవెందుకంటే, ముందుమెట్లు పనివాళ్లు ఎక్కరాదని ఈ ఇంటి పాత నియమం. గంటలతోపాటు దాన్నీ భద్రంగా కాపాడుతున్నారు.

వంటింటి గోడకు, తలుపు పైన, బారుగా ఒక పలక. దాని మీద ఒక్కో గదికి ఒక్కో గంట, ప్రతి గంటా చుట్టలు తిరిగిన ఇనుప పట్టీ చివర. మోత ఆగాక కూడా పట్టీ కాసేపు వణుకుతూనే ఉంటుంది. ఏ గది పిలిచిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ పలక కింద బల్ల మీద ఆమె కాలు చాపుకుని కూర్చుని ఉంది. పొయ్యి దగ్గర ఒక భారీ మనిషి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఈ ఇంటి వంటాయన, ఆమెకు మరిది.

"మా వదిన అసలు పేరు ఆమెకే గుర్తులేదమ్మా," అన్నాడు నన్ను చూడగానే, అడగకుండానే. "నిదానం అంటేనే పలుకుతుంది. గంట మోగితే 'వస్తున్నా, నిదానం!' అని గంటకే కేకేస్తుంది. గంటకేం వినపడుతుంది చెప్పండి?"

"నీకు చెబితే మాత్రం వినపడుతుందా? పాలు పొంగుతున్నాయని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా."

ఆయన కత్తి వదిలేసి పొయ్యి వైపు దూకాడు. పాలు అప్పటికే పొయ్యిని పావనం చేసేశాయి. నిదానమ్మ నా వైపు తిరిగి, "చూశారా, ఈ ఇంట్లో పరుగెత్తాల్సినవాళ్లు పరుగెత్తరు," అంది.

అలా మొదలైంది. నేనామెను నిదానమ్మగారూ అన్నాను. ఆమె నన్ను అమ్మగారూ అంది. 'గారు' ఎవరో ఒకరమే ఉంచుకుందామన్నాను. కాస్త ఆలోచించి, "అయితే ఇద్దరం వదిలేద్దాం చెల్లెమ్మా," అంది. ఆ తర్వాత నా మధ్యాహ్నాలు వంటింట్లోనూ, ఆమె దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలోనూ గడిచాయి. మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని తోటలో పళ్లు కోసుకునేది. ఎవరి సెలవులు వాళ్లవి.

నిదానమ్మ పుట్టింది ఆ వంటింటి పక్కగదిలోనే. వాళ్లమ్మ పనల్లా గంటలకు పలకడం. పిల్లగా పలక కింద పీట మీద కూర్చుని మోతలు నేర్చుకుంది. "తోటవైపు గదిది దగ్గినట్టుండేది. పెద్దయ్యగారిది గద్దించేది. అతిథుల గదిది ఆవలించేది, వాళ్లకు ఏం కావాలో వాళ్లకే తెలీదు కదా." ఆ ఇంటి తోటమాలినే పెళ్లాడింది. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు తోట అవతల చిన్న ఇంట్లో ఉంటుంది. ఒక్కతే కూతురు, పట్టణంలో బస్సు కండక్టరు.

"నన్ను చూసి ఎగతాళి చేస్తుంది చెల్లెమ్మా. 'నేను గంట కొడితే అంత బస్సూ ఆగుతుంది. ఎవరో గంట కొడితే నువ్వు పరుగెత్తుతావు. మనిద్దరం ఒకే ఇంటివాళ్లమేనా?' అంటుంది. వచ్చేసి నా దగ్గరుండమంటుంది."

"మరి వెళ్లరేం?"

ఆమె ఒక దుప్పటిని రెండు చేతులా పట్టుకుని గాల్లోకి విసిరింది. అది పడవ తెరచాపలా ఉబ్బి, కాసేపు అలాగే నిలిచి, మెల్లగా బల్ల మీద వాలింది. "ఇది చూశారా? దీనికోసం. కూతురింట్లో నాకేం పని, కూర్చోవడమేగా. నాకు కూర్చోవడం చేతకాదు. పరుపు సర్దుతాను, గుడ్డలు ఉతుకుతాను, మీలాంటివాళ్లు వచ్చి గది చూసి 'అబ్బ' అంటే విని సంతోషిస్తాను. ఇది నా పని, బాగా చేస్తానని నాకు తెలుసు. గంటకు పరుగెత్తడం మాత్రం పని కాదు. అది..." మాట కోసం వెతికింది. దొరకలేదో, నా ముందు అనడం ఇష్టం లేదో, ఇస్త్రీపెట్టె ఎత్తింది.

ఆ పరుగే ఇప్పుడు ఆమె పనికే ముప్పు తెచ్చింది. గంటలు తిరిగి మోగడం మొదలయ్యాక మోకాలు వాచింది. చిన్నమ్మగారు చూశారు, జాలిపడ్డారు, ఒకరోజు కూర్చోబెట్టి మంచిగానే చెప్పారట: "వచ్చే సీజనుకి గంటలకి పరుగెత్తగల మనిషిని చూసుకుంటాను. నువ్వింక విశ్రాంతి తీసుకో నిదానం." సీజను చివరికొస్తోంది. పరుగెత్తలేని మనిషికి ఆ ఇంట్లో పరుపు సర్దే పని కూడా ఉండదని ఆ జాలిమాటకు అర్థం.

హాల్లో ఒక అద్దాల పెట్టె ఉండేది. దాన్ని ఆమె రోజూ తుడిచేది. లోపల ఎర్రటి ముఖమల్ మీద, రంగు వెలిసిన చిన్నచిన్న గుడ్డముక్కలు పేర్చి ఉన్నాయి. పక్కన అందమైన అక్షరాలతో ఒక చీటీ: 'ఇంట్లో పసిపిల్లలకు నిద్రాభంగం కలగకుండా గంటల నాలుకలకు కట్టిన మెత్తని వస్త్రాలు. ఆనాటి సున్నితత్వానికి గుర్తు.' గంటలు బాగుచేసిన మేస్త్రీకి ఒక్కో గంటలో ఒక్కో ముడి దొరికిందట. చిన్నమ్మగారు ముచ్చటపడి పెట్టె చేయించారు. చీటీ చదువుతుంటే పక్కన అద్దం తుడుస్తున్న నిదానమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వాపుకుంటోంది.

"ఏంటక్కా?"

"ఇక్కడ కాదు. ఇస్త్రీగదికి రండి."

తలుపు దగ్గరగా వేసి చెప్పింది. ఆమె కొత్తగా తల్లయిన రోజులు. వాళ్లమ్మ ట్రేలో వేడినీళ్ల జగ్గు పెట్టుకుని వెనకమెట్లు ఎక్కుతుంటే పైనుంచి గంట రెండోసారి మోగింది. తొందరపడింది. దూలం తగిలి, కాలు జారి, నడుం విరిగింది. మళ్లీ లేవలేదు. వంటింటి పక్కగదిలోనే మంచం. గంటలకు పలకడం కూతురి వంతైంది.

"నేను వెళ్తున్నానని తెలుసు చెల్లెమ్మా, అమ్మకి. అయినా గంట మోగితే చాలు, నిద్రలో ఉన్నా కాళ్లు కదిలేవి. లేవబోయేది. నడుం కలుక్కుమని కేక పెట్టేది. మళ్లీ కునుకు పట్టేలోపు ఇంకో గంట. ఎన్నాళ్లు చూస్తాను? ఒకరోజు అందరూ తోటలో ఉన్నప్పుడు, అమ్మ తలగుడ్డ చింపి, పీటెక్కి, ఒక్కో గంట నాలుకకీ ముక్క చుట్టి ముడేశాను. ఇంక ఎంత లాగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ రోజు అమ్మ సాయంత్రం దాకా పడుకుంది."

"ఇంట్లోవాళ్లు?"

"పెద్దమ్మగారు, అదే చిన్నమ్మగారి నాయనమ్మ, పైనుంచి కేకేశారు, గంటలేమయ్యాయని. తీగలు తుప్పుపట్టాయేమోనండీ, పిలిస్తే వస్తానండీ అన్నా. కొన్నాళ్లు అరిచారు. గొంతు నొప్పెట్టింది. తర్వాత కావలసినప్పుడు ఆవిడే దిగొచ్చేవారు. పోను పోను వంటింటి బల్ల మీదే కూర్చుని టీ తాగడం అలవాటైంది. అమ్మ పోయాక ముడులు విప్పేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు." మళ్లీ భుజాలు కదిలాయి. "ఇప్పుడు చూడండి, నేను చేసిన దొంగపనిని గాజుపెట్టెలో పెట్టి, నా చేతే తుడిపిస్తున్నారు!"

నాకు నవ్వు రాలేదు. చిన్నమ్మగారితో ఇప్పుడే మాట్లాడతానని లేచాను. పదవీవిరమణ అనేదానికి ఒక పద్ధతుంటుంది, మెట్లకు కమ్మీ లేకపోవడం నేరం, అని వాక్యాలు అప్పుడే గొంతులో వరసలు కడుతున్నాయి. నిదానమ్మ నా చెయ్యి పట్టుకుంది. దుప్పట్లు పిండి పిండి ఆ చెయ్యి పట్టుకారులా ఉంది.

"మీరు వారం ఉండి పోతారు. నేనుండాలి. మీరు మాట్లాడితే అది మీ మాటవుతుంది. ఆ అమ్మాయికి కోపమొస్తే నా మీద వస్తుంది."

"మరి మీరే అడగండి."

"అడుగుతాను. ఎలా అడగాలో తెలియాలిగా."

ఇన్నేళ్లుగా ఎందరి తరఫునో మాట్లాడిన నోరు నాది. ఆ రోజు మూసుకుంది. మా గదిలో తాడును మాత్రం పిల్లలకు అందకుండా పైకి కట్టేశాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

మరుసటి రోజు ఒకే ఆఫీసువాళ్లు గుంపుగా దిగారు. పైగదులన్నీ నిండాయి. వాళ్లకు గంటలు తెగ నచ్చేశాయి. ఒక గదిలోవాళ్లు టీ అడిగితే, అది చేరేలోపు ఇంకో గదివాళ్లు చక్కెర అడిగారు. చక్కెర తెస్తే చెంచా. సాయంత్రానికి నాకు అసలు సంగతి వరండాలోనే చెవిన పడింది. తాడు లాగి, ఫోన్లో సమయం చూస్తూ, ఆమె ఎంతసేపట్లో తలుపు తెరుస్తుందోనని పందేలు కాసుకుంటున్నారు. చదువుకున్నవాళ్లు, ఇంటికెళ్తే అమ్మానాన్నలున్నవాళ్లు. వాళ్ల మీదకు వెళ్లబోయాను. మా చెల్లెలు ఈసారి నన్ను ఆపలేదు. తనే నాకంటే ముందు లేచి, "సిగ్గుండాలి!" అని అరిచింది. వాళ్లు కాసేపు తగ్గారు. మేము పక్కకు పోగానే మళ్లీ గంట.

వంటింట్లో నిదానమ్మ కాలు బల్ల మీద చాపి ఉంది. మోకాలు సొరకాయంత అయింది. మరిది తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు, మొహంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"రేపు రాకు వదినా."

"రాను."

ఆయన తెల్లబోయాడు. ఆమె ఎప్పుడు సెలవు పెట్టినా ముందు బదులు మనిషిని కుదిర్చి, పని అప్పజెప్పి మరీ పెడుతుందట. "ఎవర్ని పంపుతావు మరి?"

"ఎవర్నీ పంపను."

"వచ్చే సీజను దాకా ఎందుకు, రేపే మానెయ్యమంటుందేమో ఆ అమ్మాయి. సాకు దొరికినట్టవుతుంది."

"అనొచ్చు," అంది నిదానమ్మ. తలగుడ్డ సర్దుకుంది. "అంటే వెళ్లి మా అమ్మాయి బస్సులో కూర్చుంటా, ఏం చేస్తాం. నేను లేకపోతే ఎవరో ఒకరు వచ్చేస్తారుగా. ఆ ఎవరో ఒకరు ఎలా ఉంటారో నాకూ చూడాలనుంది. చూడ్డానికి నేనుండను, అదే బాధ."

మర్నాడు పొద్దున్న చిన్నమ్మగారు తనే పనిగుడ్డ కట్టుకున్నారు. "ఒక్కరోజేగా, నేను చూసుకుంటాను," అన్నారు ఉత్సాహంగా. అది నటన కాదు, మెచ్చుకోవాలి. నేను సాయానికి లేవబోతే వంటాయన ఒక బుట్టెడు బఠాణీలు నా ముందు గుమ్మరించాడు.

"ఒలుస్తూ కూర్చోండమ్మా. మా వదిన కబురు పంపింది. 'ఆ చెల్లెమ్మ జాలిపడి ట్రే అందుకుంటుంది, కట్టేసైనా కూర్చోబెట్టు' అని."

కూర్చున్నాను. ఏమీ చెయ్యకుండా ఉండడమంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

మొదటి గంట మోగినప్పుడు చిన్నమ్మగారు టీ పోస్తున్నారు. తలెత్తేలోపు పట్టీ వణకడం ఆగిపోయింది. "ఏ గదిది?" అన్నారు. "చూడలేదండీ, కూర మాడుతోంది," అన్నాడు వంటాయన. తప్పు గదికి వెళ్లొచ్చారు. వచ్చేసరికి ఇంకో రెండు మోగి ఆగాయి. వెనకమెట్ల దూలానికి నుదురు కొట్టుకున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. రెండోసారి ఇంకా గట్టిగా. తను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ దూలం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తెలిసే అవసరం రాలేదు. భోజనాల వేళకి జుట్టు ఊడింది. ఆ తర్వాత చెప్పులు ఒక మూలకు పోయాయి. మధ్యాహ్నం ట్రేతో పైకి వెళ్లి, ట్రేతోనే దిగొచ్చి, ఆఖరి మెట్టు మీద కూలబడ్డారు.

"తలుపు తియ్యగానే చప్పట్లు కొట్టారు. ఒకడు ఇంకొకడికి డబ్బులిస్తున్నాడు," అన్నారు మెల్లగా. "నా మీద పందెం కాస్తున్నారు."

వంటాయన గరిటె ఆపలేదు. "మీ మీద కాదులెండి. గంట మీద. వచ్చేది మీరైనా, మా వదినైనా వాళ్లకొకటే."

ఆమె ఆయన వైపు చూశారు. "రోజూనా?"

గంట మోగింది. నేను చూస్తుండగానే కూర్చున్న మనిషి కాళ్లు అదిరాయి, లేవబోయాయి. ఆమె వాటివైపే చూసుకున్నారు, తనవి కానట్టు. మళ్లీ మోగింది. అప్పుడు లేచారు, పైకి కాదు. దండెం మీద ఆరేసిన తన మేజోళ్లు లాగి, నిదానమ్మ పీట జరుపుకుని ఎక్కి, మోగుతున్న గంట నోట్లో ఒక మేజోడు కుక్కారు. పక్కదాంట్లో రెండోది. తర్వాత చేతిరుమాలు, వేడిగిన్నెలు దించే మసిగుడ్డ, జుట్టుకు కట్టుకునే రిబ్బను. పలక బారునా నోళ్లు మూతపడ్డాయి. పైన తాళ్లు లాగుతూనే ఉన్నారు. తీగలు గీరుకుంటున్న చప్పుడు తప్ప వంటింట్లో ఏ చప్పుడూ లేదు.

వంటాయన గరిటె గాల్లోనే ఉండిపోయింది. ఆమె పీట దిగి, ఉత్తకాళ్లతో హాల్లోకి వెళ్లారు. కాసేపటికి నేను తలుపు దగ్గరకు వెళ్లి చూశాను. గాజుపెట్టె ముందు నిలబడి ఉన్నారు. చీటీ చదువుతున్నారు. తనే రాసిన చీటీ. చాలాసేపు చదివారు.

తర్వాత ముందుమెట్లు ఎక్కి ప్రతి గది తలుపూ తట్టి, గంటలు ఇక మోగవని, ఏం కావాలన్నా వంటింటికి వచ్చి అడగమని చెప్పారు. ఒకతను డబ్బు కట్టామన్నాడట. డబ్బు పడుకోవడానికి తీసుకున్నాను, పందేలకు కాదు అన్నారట. ఆ మాట మా చెల్లెలు చెవులారా విని వచ్చి నాకు చెప్పింది, తనే అన్నంత గర్వంగా.

మర్నాడు నిదానమ్మ వచ్చింది. చేతిలో సంచి. అందులో ఉతికి మడతపెట్టిన తన పనిగుడ్డలన్నీ ఉన్నాయి. అప్పజెప్పి పోవడానికి సిద్ధపడే వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టి, అలవాటుగా పలక వైపు చూసి, ఆగిపోయింది.

"ఏరా, ఇదేంటి? గంటలు మేజోళ్లు తొడుక్కున్నాయి?"

"చలేసిందేమో," అన్నాడు మరిది. ఆయన మొహం చాటంత అయింది.

చిన్నమ్మగారు లోపలికి వచ్చారు. నుదుటి మీద బొప్పి నేరేడుపండులా ఉంది. సంచి చూశారు. గంటల వైపు చూశారు. "నిదానం, ఆ పెట్టెలో గుడ్డలు... పసిపిల్లల కోసం కట్టినవి కాదు కదూ?"

అప్పటికైనా తెలియదని తప్పించుకోవచ్చు. నిదానమ్మ సంచి కింద పెట్టింది.

"కాదండీ. మా అమ్మ కోసం. ఆవిడ మంచాన పడి ఉన్నప్పుడు గంట వింటే లేవబోయేది. ఆవిడ తలగుడ్డ చింపి నేనే కట్టాను."

చిన్నమ్మగారు బల్ల మీద కూర్చున్నారు, ఒకప్పుడు వాళ్ల నాయనమ్మ టీ తాగిన చోటే. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అంత అందంగా రాసుకుంటే పాడుచెయ్యడం ఎందుకనిపించింది. పైగా చెబితే ఉంచుతారో లేదో."

"ఈ గంటలు చూద్దామనే సగం మంది వస్తున్నారు. ఇల్లు నిలబడాలి కదా నిదానం." ఆమె గొంతులో నిజమైన దిగులుంది.

"చూడ్డానికి ఉంచండి. లాగడానికి వద్దు. వచ్చినవాళ్లకి కథ చెబుదాం, కావాలంటే నేనే చెబుతా, మోతలతో సహా. దగ్గేది, ఆవలించేది, అన్నీ." ఊపిరి తీసుకుంది. అడగడం మొదలుపెట్టాక ఆమె నిదానించలేదు. "నన్ను పరుపులకీ గుడ్డలకీ ఉంచండి. పరుగెత్తే మనిషిని కాదు, మెట్లు పంచుకునే మనిషిని ఇంకొకర్ని పెట్టుకోండి. వారానికో రోజు నేను రాను, బదులు మనిషిని వెతకను. ఇంకోటి. వెనకమెట్లు మూసెయ్యండి. మా అమ్మ పడింది అక్కడే. మేమందరం ముందుమెట్లే ఎక్కుతాం."

చిన్నమ్మగారి చెయ్యి తనకు తెలియకుండానే బొప్పి మీదకు వెళ్లింది. "వెనకమెట్ల సంగతి నువ్వు చెప్పక్కర్లేదు," అన్నారు. మిగతావాటికి ఒక్కోదానికీ తలూపారు. చివరికి, పెట్టె మీద చీటీలో ఏం రాయమంటావని అడిగారు.

"గుడ్డలు నాకిచ్చెయ్యండి. ఒకటుంచుకోండి. 'పనిమనిషి నిద్రపోవాలని ఆమె కూతురు కట్టింది' అని రాయండి. చాలు."

"మిగతావి ఏం చేస్తావు?"

"కలిపి కుట్టి మోకాలికి చుట్టుకుంటా. అమ్మ చెయ్యి వేసినట్టుంటుంది."

వంటాయన ఉల్లిపాయల మీదకు నెపం తోసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట ఉల్లిపాయలు తరగనే లేదు.

ఒక్కరోజులో అన్నీ మారిపోయాయని రాస్తే మీరు నమ్మకూడదు. చిన్నమ్మగారు ఇప్పటికీ నిదానమ్మను నువ్వు అనే పిలుస్తారు. నిదానమ్మ ఇప్పటికీ అండీ అంటుంది. తల్లి పడిన మెట్లు మూతపడడానికి, ఆ ఇంటివాళ్లలో ఒకరి నుదురు వాచేదాకా ఆగాల్సి వచ్చిందన్న సంగతి నేను మర్చిపోను. నా పోరాటాలు నావి, అవి బఠాణీలు ఒలిస్తే తీరేవి కావు. కానీ మరుసటి సీజనుకు మేము మళ్లీ వెళ్లాం. ఈసారి గది కుదిర్చింది మా చెల్లెలే.

హాల్లో ఒక యువజంట గాజుపెట్టె ముందు వంగి చీటీ చదువుతోంది. వంటింట్లో కొత్తగా చేరిన ఒకామె బల్ల మీద కాలు మీద కాలేసుకుని టీ తాగుతోంది. మెట్ల దగ్గర నిదానమ్మ, చేతులనిండా తెల్లటి దుప్పట్లు, పనిగుడ్డ కింద మోకాలికి రంగు వెలిసిన పట్టీ. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"వచ్చావా చెల్లెమ్మా! పైకి పద, నీ గది ఇంకా సర్దలేదు. నువ్వే ఆ చివర పట్టుకుందువుగాని."

నన్ను 'నువ్వు' అంది, గమనించాను. వంటింట్లోంచి మరిది కేకేశాడు, "వదినా, అతిథుల చేత పని చేయిస్తున్నావా? తొందరగా రా, టీ చల్లారిపోతోంది!"

"వస్తున్నా, నిదానం!" అని అరిచి, ఆమె ఒక చెయ్యి ఖాళీ చేసుకుని నున్నటి కమ్మీ మీద వేసింది. ముందుమెట్ల మధ్యలోంచి ఎక్కడం మొదలుపెట్టింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి. కిందనుంచి ఎక్కాలనుకున్న యువజంట ఆమె వెనకే, దాటి వెళ్లకుండా, ఆమె నడకతోనే ఎక్కింది.